రేపటి నడక ఇవాళే

మా అత్తయ్య దృష్టిలో ఈరోజు పని ఈరోజు చేసేవాళ్ళు బద్ధకస్తులు. ఆవిడ ఏ పనైనా కనీసం ఒకరోజు ముందు చేసేస్తుంది, వీలైతే వారం ముందు. నా పుట్టినరోజుకి మూడు రోజుల ముందే శుభాకాంక్షలు చెప్పేసి, అసలు రోజున ఎదురుపడితే "నీకు చెప్పేశానుగా, మళ్ళీ ఏంట్రా?" అన్నట్టు చూస్తుంది. నా పెళ్ళికైతే ముందురోజు పొద్దున్నే వచ్చేసింది. తాళం వేసిన హాలు ముందు కూర్చుని కాపలా మనిషికి నా చిన్నప్పటి వెధవ పనులన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. సాయంత్రం నేను వెళ్ళేసరికి అతను నన్ను చూసి ఒకటే నవ్వు. "రేపు నా తల ఎలా ఉంటుందో ఏమో, ఇవాళే దీవించేస్తాను. ఆ అమ్మాయిని కూడా పిలువు," అంది అత్తయ్య. అప్పటికి పెళ్ళికూతురు ఇంకా రైల్లో ఉంది.

తిట్లు కూడా ముందే. ఒక మంగళవారం నన్ను పట్టుకుని మొదలుపెట్టింది.

"వచ్చే ఆదివారం భోజనానికి పన్నెండింటికి రమ్మంటే నువ్వు ఒంటిగంటకి ఊడిపడతావు. బుద్ధుందట్రా నీకు?"

"ఇంకా ఆదివారం రాలేదు కదత్తయ్యా!"

"ఆదివారం నాకు తిట్టే ఓపిక ఉంటుందో లేదో. ఇప్పుడే పడు."

పడ్డాను. ఆదివారం ఒంటిగంటకే వెళ్ళాను. తిట్లు ఎలాగూ తినేశాక ఇంక తొందరెందుకు?

దీనికంతటికీ మూలం పార్శ్వపు నొప్పి. డాక్టర్లు మైగ్రేన్ అంటారు. నెలకి రెండుసార్లో మూడుసార్లో వస్తుంది, కానీ ఏ రోజు వస్తుందో దానికే తెలియదు. ముందు కళ్ళెదుట వంకరటింకర గీతలు మెరుస్తాయి. సరిగ్గా ఇరవై నిమిషాలకి కుడి కణతలో పోటు మొదలవుతుంది. ఆ గీతలకి అత్తయ్య పెట్టిన పేరు నోటీసు. "మిగతా రోగాలకి మర్యాద లేదురా, ఇది చెప్పి మరీ వస్తుంది," అని దాన్నే మెచ్చుకుంటుంది. వచ్చాక మాత్రం వెలుతురు పడదు, వాసన పడదు, చప్పుడు అసలే పడదు.

ఆ చప్పుడుతోనే చిక్కు. మా మామయ్య గడియారాలు బాగుచేస్తాడు. ఇంటి ముందుగదే దుకాణం, గోడల నిండా నలభై గడియారాలు. నోటీసు వచ్చిందంటే మామయ్య స్టూలెక్కి ఒక్కొక్క లోలకాన్నీ చేత్తో పట్టి ఆపేస్తాడు. నొప్పి తగ్గాక మళ్ళీ స్టూలెక్కి నలభైకీ టైము సరిచేస్తాడు. ఒకటో రెండో మర్చిపోతూనే ఉంటాడు. బాగుచేయించుకుని పట్టుకెళ్ళినవాళ్ళు మర్నాడు గొడవకొస్తే "మా ఆవిడకి తలనొప్పండీ," అంటాడు. వాళ్ళు గడియారం సరిచేయించుకుని వెళ్ళిపోతారు.

ఇలాంటి తల పెట్టుకుని ఆవిడ చేసే ఉద్యోగం, ఇంటింటికీ తిరిగి ఉత్తరాలు పంచడం. నేను అదే పోస్టాఫీసులో స్టాంపుల కౌంటర్లో ఉంటాను. కుర్చీలో కూర్చునే పని అడగొచ్చు కదా అని చుట్టాలందరూ సలహా ఇచ్చారు. కానీ ఆవిడకి నడకే మందు. వేళకి తిండి, వేళకి నిద్ర, రోజూ నడక ఉంటే నెలకి రెండు నొప్పులతో సరిపోతుంది. ఒకసారి కాలు బెణికి నెల్లాళ్ళు ఇంట్లో కూర్చుంటే ఏడుసార్లు వచ్చింది. ఆ నెలంతా మామయ్య స్టూలు దిగలేదు.

అందుకని అత్తయ్య గొడుగంత అంచున్న టోపీ, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, మెడ చుట్టూ తడి తువాలు చుట్టుకుని, చెవుల్లో దూది కుక్కుకుని వీధుల్లోకి బయల్దేరుతుంది. మొదట్లో కుక్కలు మొరిగేవి. ఎంత మొరిగినా ఈవిడకి వినపడకపోవడంతో వాటికే విసుగొచ్చి మానేశాయి.

ఆఫీసులో ఆవిడ గొడవ ఇంకోటి. మేం ఏడున్నరకి వెళ్ళేసరికి ఆవిడ తన ఉత్తరాలన్నీ వీధుల వారీగా కట్టలు కట్టేసి, పక్కవాళ్ళ కట్టల మీద చెయ్యి వేసి ఉంటుంది.

"మీసాలాయనా, ఆ మెట్ల వీధి ఇటు పడెయ్."

మీసాల బాబాయి మా ఆఫీసులో అందరికన్నా పెద్ద. ఇంకో రెండేళ్ళ సర్వీసుంది. మనిషికన్నా మీసం ముందు నడుస్తుంది. మెట్ల వీధి ఆయనది. గుట్ట మీదికి నూట పన్నెండు మెట్లు, మెట్ల పొడుగునా ఇళ్ళు.

"అది నా వీధమ్మా!"

"ఎవరిదైతేనేం. ఇవాళ నా తల బాగుంది. రేపెలా ఉంటుందో తెలీదు. రేపటి నడక ఇవాళే నడిచేస్తాను."

"రేపటి నడక ఇవాళెలా నడుస్తావమ్మా? రేపటి అన్నం ఇవాళ తింటావా?"

"కుదిరితే తినేదాన్నే."

ఆఫీసంతా గొల్లున నవ్వేది. బాబాయి కూడా మీసం ఎగరేసి నవ్వుతూ కట్ట ఇచ్చేసేవాడు. పార్సెళ్ళ అమ్మాయి కడుపుతో ఉన్నప్పుడు ఆ అమ్మాయి చేతిలోంచి బరువు పార్సెళ్ళన్నీ ఇలాగే లాక్కుంది. నాకైతే తల కొట్టేసినట్టుండేది. మా వంశం పరువు కూడా ఆవిడ ఒకరోజు ముందే తీసేస్తోందని బాధపడేవాణ్ణి.

ఇలా ఉండగా కొత్త పోస్ట్‌మాస్టర్ గారు వచ్చారు. ఆయనకి న్యాయం అంటే ప్రాణం, రిజిస్టర్ అంటే అంతకన్నా ఎక్కువ. రెండో వారమే అత్తయ్యనీ నన్నూ పిలిచారు.

"ఏడాదిలో ముప్ఫై ఒక్క రోజులు సెలవు పెట్టారమ్మా. మీ ఆరోగ్యం కోసమే చెబుతున్నాను. సోమవారం నుంచి మీరు కౌంటర్లో కూర్చోండి. మీ వీధులు ఇతను తిరుగుతాడు."

నా కౌంటరు సంగతి నాకు తెలుసు. నెత్తిమీద ఆరు నెలలుగా టపటపా కొట్టుకుంటున్న ట్యూబులైటు, పొద్దస్తమానం ముద్రల దబదబ, జిగురు వాసన. అత్తయ్య అక్కడ వారం కూర్చుంటే మామయ్య దుకాణం మూసుకోవాల్సిందే. ఎప్పుడూ ఎవరికీ తగ్గని అత్తయ్య ముఖం మొదటిసారి పాలిపోయింది. నాకూ భయం వేసింది. ఆవిడ తల కోసమా, నా కాళ్ళ కోసమా అని మాత్రం అడక్కండి.

"ఒక్కరోజు నాతో నడిచి, అప్పుడు చెప్పండి సార్," అంది.

ఆయన ఆలోచించారు. "సరే. గురువారం వస్తాను. రెండింటికల్లా మీ సంచి ఖాళీ అయితే మీ వీధులు మీవే. కాకపోతే కౌంటరు."

"గురువారం దాకా ఎందుకు సార్, బుధవారమే పెట్టుకుందాం."

"గురువారం ఉత్తరాలు బుధవారం రావమ్మా."

"ఈ ఆఫీసుతో వచ్చిన చిక్కే ఇది," అని గొణుక్కుంటూ బయటికొచ్చింది.

గురువారం ముగ్గురం బయల్దేరాం. దారి నేర్చుకుంటాడని నన్ను కూడా రమ్మన్నారు సారు. పదింటికల్లా అత్తయ్య రోజూ కన్నా గంటన్నర ముందుంది. సారు చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది. రొట్టెల దుకాణం మలుపులో అత్తయ్య ఉన్నట్టుండి ఆగింది. కళ్ళద్దాలు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుని, నా చెవిలో "నోటీసొచ్చిందిరా," అంది.

సారు విన్నారేమోనని నేను వెనక్కి చూశాను. ఆవిడ మాత్రం జేబులోంచి మాత్ర తీసి గుటుక్కున మింగింది.

"ఏమైందమ్మా?" అన్నారు సారు.

"ఇరవై నిమిషాలుంది సార్. ఈ వీధి అయిపోతుంది."

అయిపోగొట్టింది. ముప్ఫై నాలుగు ఇళ్ళు, పద్దెనిమిది నిమిషాలు. మేం వెనకాల పరిగెత్తాం. వీధి చివర, బట్టలు కుట్టే ఆవిడ ఇంటి గేటు తోసుకుని అత్తయ్య లోపలికెళ్ళింది. కుట్టే ఆవిడ ఏమైందని కూడా అడగలేదు. కుడుతున్న మిషను ఠక్కున ఆపి, మెట్ల కింద గది తలుపు తీసింది. లోపల చీకటి, ఒక చాప, ఒక దిండు. ప్రతి వీధిలోనూ అత్తయ్య ఇలాంటి చీకటి గది ఒకటి ముందే మాట్లాడి పెట్టుకుందట. అత్తయ్య ఆ గదిలోకెళ్ళి తలుపు మూసుకుంది.

"గంట పడుతుంది. టీ తాగుతారా?" అంది కుట్టే ఆవిడ గుసగుసగా. "చప్పరించకుండా తాగాలి మరి."

తాగాం. సారు గడియారం చూసుకుంటూ, ఉండబట్టలేక సంచి తెరిచి చూశారు. "ఇదేంటి? మెట్ల వీధి కట్ట! ఇది ఆవిడది కాదుగా?"

"అదొక పిచ్చి సార్ ఆవిడకి."

"ఇవాళ కూడానా?"

నాకూ ఒళ్ళు మండింది. నెగ్గాల్సిన రోజున కూడా పక్కవాడి మెట్లు నెత్తిన పెట్టుకోవడమేమిటి?

గంటకి తలుపు తెరుచుకుంది. అత్తయ్య ముఖం వాడిపోయింది, ఒక కన్ను సగమే తెరుచుకుంటోంది. అయినా సంచి భుజానికి తగిలించుకుంది. "పూర్తిగా పోలేదు. కాస్త పక్కకి జరిగి కూర్చుంది. పదండి."

ఈసారి నెమ్మదిగానే నడిచింది. అందుకు సారు మనసులో దేవుడికి దణ్ణం పెట్టుకునే ఉంటారు. గంటన్నర ముందు నడిచింది కాబట్టి ఆ గంట విశ్రాంతి పోయినా టైము మిగిలే ఉంది. ఒంటిగంటా పది నిమిషాలకి మెట్ల వీధి దగ్గరికొచ్చాం.

"ఇది వదిలేయండమ్మా, మీది కాదు. ఇది లెక్కలోకి తీసుకోను," అన్నారు సారు. ఆ మాట మంచి మనసుతోనే అన్నారు.

"తీసుకున్నాక ఇవ్వకుండా ఎలా సార్," అని ఎక్కడం మొదలెట్టింది. ఇరవై మెట్లు ఎక్కడం, ఆగడం, మళ్ళీ ఇరవై. సారు అరవయ్యో మెట్టు మీద కూలబడ్డారు. నేను ఆయనకి తోడుగా ఉండిపోయాను. నిజానికి నాకూ అక్కడికే అయిపోయింది.

చిట్టచివరి ఇంట్లో ఒక తాతగారున్నారు. అత్తయ్య చెవుల్లో దూది ఉంటుందని ఆయనకి తెలుసు కాబట్టి గుట్టంతా దద్దరిల్లేలా మాట్లాడతారు. "మీసాలాయన మోకాలు ఎలా ఉందమ్మా? వాపు తగ్గిందా? ఆ కాలుతో ఈ మెట్లెక్కితే మనిషి దక్కడు. ఆ రెండేళ్ళూ గడిచేదాకా నువ్వే ఎక్కు తల్లీ!"

అరవయ్యో మెట్టు మీద సారు నావైపు చూశారు. నేను ఆకాశం వైపు చూశాను.

"పార్సెళ్ళ అమ్మాయి బరువులు కూడా లాక్కునేవారని ఆఫీసులో విన్నాను. అదీ ఇందుకేనా?" అన్నారు మెల్లగా.

నాకు అప్పుడు వెలిగింది. ఇన్నేళ్ళూ ఒకే గదిలో పనిచేసి, సొంత మేనల్లుణ్ణయి ఉండి, అందరితో కలిసి పగలబడి నవ్వాను. సిగ్గేసింది. సిగ్గుకి రెండింతలు గర్వమేసింది.

రెండింటికి ఎనిమిది నిమిషాలుందనగా అత్తయ్య దిగొచ్చి, సంచి బోర్లించి దులిపింది. దుమ్ము తప్ప ఏం రాల్లేదు.

"నెగ్గారమ్మా," అన్నారు సారు లేచి నిలబడి. "సోమవారం కాగితం రాస్తాను."

"ఇవాళే రాసేయండి సార్. రేపు మీ మనసు ఎలా ఉంటుందో."

ఆయన నవ్వి, మోకాలి మీద కాగితం పెట్టుకుని అక్కడే రాశారు. పనిలో పనిగా కౌంటర్లో ట్యూబులైటు మార్చాలని కూడా రాశారు. "ఇక్కడ ఈదురుగాలి ఎక్కువ. పైన ఎవరేం అరిచారో నాకేం వినపడలేదు," అన్నారు. ఆకు కూడా కదలడం లేదు. అంటే బాబాయి మోకాలి సంగతి రిజిస్టర్లోకి ఎక్కదన్నమాట. అత్తయ్య ఖాళీ సంచి ఊపుకుంటూ, సగం కన్నుతోనే, రాణీగారిలా మెట్లు దిగింది.

ఇంటికెళ్తూ దారిలో అడిగాను. "నువ్వు వాళ్ళ వీధులు నడిచినందుకు, నీ సెలవు రోజుల్లో నీ వీధులు నడవమని బాబాయి వాళ్ళనెప్పుడైనా అడిగావా అత్తయ్యా?"

"ఎందుకడుగుతానురా? ఆ రోజులకి బదులు మనిషి ఉన్నాడుగా."

"మరి రేపటి నడక, ఇవాళ నడక అని ఈ నాటకమంతా ఎందుకు?"

"సాయం చేస్తానంటే మీసాలాయన ఇస్తాడా? ఆ మీసం ఒప్పుకుంటుందా? నాకు పిచ్చనుకుంటే మొహమాటం ఉండదు. నవ్వుతూ ఇచ్చేస్తాడు. నవ్వుకోనీ."

"అయితే నా పెళ్ళికి ముందురోజు రావడం?"

"అది నిజంగానే తలనొప్పి భయంరా."

శనివారం మళ్ళీ నొప్పి వచ్చింది. నలభై గడియారాలూ ఆగిపోయాయని మామయ్య కబురు పెట్టాడు. నేను ఎప్పటిలాగే ఏడున్నరకి ఆఫీసుకెళ్ళాను. కౌంటరు పదింటికి గానీ తెరవం, ఈలోపు మెట్ల వీధి తిరిగి రావచ్చు. మీసాల బాబాయి కట్టలు కడుతున్నాడు. ఎడమ కాలు బల్లకి ఆనించి నిలబడ్డాడు. ఇన్నాళ్ళూ అది నా కంటికి ఆనలేదు.

"బాబాయ్, ఆ మెట్ల వీధి ఇటు పడెయ్," అన్నాను.

"నీకెందుకోయ్?"

"ఇవాళ నా కాళ్ళు బాగున్నాయి. రేపెలా ఉంటాయో. రేపటి నడక ఇవాళే నడిచేస్తాను."

బాబాయి నన్ను ఎగాదిగా చూశాడు. మీసం మెల్లగా పైకి లేచింది. తర్వాత ఆఫీసంతా వినపడేలా నవ్వి, కట్ట నా చేతిలో పెట్టి, "మీ వంశమే అంతరా!" అన్నాడు.