రాహుకాలం దాటాక మొరాయించే పోర్టు

ఉద్యోగంలో కొత్తగా చేరిన ఆ రోజుల్లో నాకు పని రావడం కంటే, వచ్చినట్టు కనబడటం మీదే ధ్యాస ఎక్కువ. వికారాబాద్‌లో పొద్దున్నే రైలెక్కి, మెడలో గుర్తింపు కార్డు పదిమందికీ కనబడేలా సర్దుకుని, తాండూరులోని సిమెంటు ఫ్యాక్టరీకి వెళ్ళేదాన్ని. (కార్డు గేటు దగ్గర వేసుకుంటే చాలని ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేదాన్ని కాదు.) అక్కడి కంప్యూటర్ గదిలో నాకు అప్పజెప్పినవి కొత్తగా కొన్న స్టోరేజీ స్విచ్చులు. సర్వర్లకూ, ఫ్యాక్టరీ సమాచారమంతా దాచే స్టోరేజీ పెట్టెకూ మధ్య రాకపోకలన్నీ వాటి పోర్టుల గుండానే. ఏదో ఒక పోర్టుకు తగిలించిన యంత్రం నిదానంగా అందుకుంటే చాలు, వెనక వచ్చేవన్నీ ఏ పాపమూ ఎరగకుండా ఆగిపోతాయి, గూడ్సు బండి కోసం మా రైలు వికారాబాద్ బయట నిలబడినట్టు.

సరిగ్గా అదే జరుగుతోంది. రోజూ ఏదో ఒక వేళ లారీల కాటా దగ్గర బిల్లు రావడం ఆగిపోయేది, లారీలు గేటు దాకా బారులు తీరేవి. ఒకరోజు పొద్దున, ఇంకోరోజు మధ్యాహ్నం, వేళాపాళా లేదు. మా విభాగానికి పెద్ద, నుదుట కుంకుమ చెరగని పెద్దసారు తేల్చేశారు: “గీ కొత్త స్విచ్చులతోనే పరేషాన్ బిడ్డా. వారంల సంగతి తేల్చు, లేకుంటే పీకేసి పాతవే పెడ్త.” పీకేది స్విచ్చులనే అన్నారు గానీ, వాటితోపాటు నన్నూ అని నాకు అర్థమైంది. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు మరి.

నిదానపు పోర్టులను కనిపెట్టి ఫోనుకు హెచ్చరిక పంపే ఏర్పాటు ఆ స్విచ్చుల్లోనే ఉంది. ఉత్సాహంగా పెట్టేశాను. ఒక్కటీ తప్పించుకోకూడదని ఎంత ఆలస్యమైతే మోగాలన్న హద్దును మరీ కిందికి దించి పెట్టాను. మర్నాడు రైల్లో నా ఫోను మోగుడే మోగుడు. పక్కన కూర్చున్న, యాలాల్ ఊరికి పోయే పెద్దమ్మ కాసేపు ఓపిక పట్టి, “ఏంది బిడ్డా గా మోత? సంబంధాలు మస్తు వస్తున్నయా?” అంది. ఆఫీసు పని అన్నాను గానీ నమ్మలేదు. “ఎవరో ఒక్కనికి ఊఁ అను, మిగిలినోళ్ళు ఊకుంటరు!” రైలు పెట్టెంతా నవ్వింది. ఆఫీసుకు పోగానే హద్దు పెంచి, మిగతావాటిని చాలాసేపు ఆపేసే పోర్టుకే హెచ్చరిక వచ్చేలా మార్చాను.

అన్నీ నోరు మూసుకున్నాయి, ఒక్కటి తప్ప. సమాచారానికి నకలు తీసే పాత బ్యాకప్ యంత్రం పోర్టు అది. సోమవారం తొమ్మిదికి మొరాయించింది, గురువారం మూడుకు. ఇదేం తిక్క అనుకుంటూ, గడువు ఇంకా ఎన్నాళ్ళుందో చూద్దామని గోడమీది క్యాలెండర్ వైపు తిరిగాను. రాహుకాలం వరస కంటపడింది. రెండు రోజులూ అది ముగిసిన వేళే! ఎప్పుడో రాహుకాలంలో మొదలుపెట్టిన బ్యాకప్ పాడైందట. అప్పటినుంచి పెద్దసారు రోజూ రాహుకాలం దాటాక స్వయంగా వచ్చి, బ్యాకప్ మీట నొక్కి, దండం పెట్టుకుని వెళ్ళేవారు. ఆ దండం మేమంతా రోజూ చూసేవాళ్ళమే.

శుక్రవారం పన్నెండుకు ఆయన వచ్చారు. ఫోను చేతిలో పట్టుకునే ఎదురెళ్ళాను. “సార్, రాహుకాలం మీకు దాటిపోతున్నది. లారీలకు గప్పుడే మొదలైతున్నది.” ఆయన నన్ను ఎగాదిగా చూసి మీట నొక్కారు. జోడించిన చేతులు దించకముందే నా చేతిలో ఫోను మోగింది. కాసేపటికి గేటు వైపునుంచి హారన్లు. పెద్దసారు నన్ను వెంటబెట్టుకుని కాటా దగ్గరికి నడిచి, అందరి ముందూ గట్టిగా అన్నారు: “స్విచ్చులది తప్పు లేదు. నేనే ఆపిన లారీలను. గీ బిడ్డ పట్టింది.” సిమెంటు దుమ్ములో నిలబడి నేను ఎంత పొంగిపోయానో చెప్పలేను. బ్యాకప్‌ను లారీలుండని వేళకు మార్చడానికి ఒప్పుకున్నారు. “వర్జ్యం జర చూసుకో” అని మాత్రం అన్నారు. చూసే పెట్టాను.

ఇప్పుడు హైదరాబాదులో ఇంకా పెద్ద స్విచ్చులు నా చేతి కింద ఉన్నాయి. ఎక్కడ పోర్టు మొరాయించినా ముందు నన్నే పిలుస్తారు. నేను ముందు గోడమీది క్యాలెండర్ చూస్తాను. “మేడమ్, మీరు కూడానా!” అని కొత్తగా చేరిన పిల్లలు నవ్వుతారు, నేనూ నవ్వుతాను. సాయంత్రం వికారాబాద్ రైల్లో మెడలోని కార్డు తీసి బ్యాగులో వేయడం ఇప్పటికీ మర్చిపోతుంటాను. (మర్చిపోతానా?)