ఆమె ఒడికి సరిపడే గిటారు

వీధిలో అందరూ ఆయన్ని గిటార్ల మేస్త్రి అనేవారు. చెక్క విషయంలో ఎంత ధారాళమో మాటల్లో అంత పిసినారి. ఆ లోటంతా భార్య తీర్చేది. ఆయన చేసిన ప్రతి గిటారునూ మొదట తనే వాయించి, "ఏమండీ, దీనికి జలుబు చేసింది. లోపలి పట్టీలు ఇంకాస్త పల్చన చెయ్యండి" అని మొహమాటం లేకుండా చెప్పేది. ఆయన గొణుక్కుంటూనే చేసేవాడు.

తర్వాత ఆమెకు మతిమరుపు జబ్బు వచ్చింది. ముందు పొయ్యి ఆర్పడం మరిచింది, తర్వాత ఇంటిదారి, ఆఖరికి ఆయన్నే. కూతురు గుండె రాయి చేసుకుని ఆమెను ఆసుపత్రిలో చేర్పించింది.

మేస్త్రి మిగతా పనులన్నీ పక్కనపెట్టి ఆమె కోసం గిటారు మొదలుపెట్టాడు. ఆమె చేతుల్లో సత్తువ లేదు కదా అని గిటారు పెట్టె చిన్నది చేశాడు. తడిపిన పక్కచెక్కను వేడి గొట్టం మీద వంచుతుంటే ఫట్‌మని విరిగింది. మళ్లీ కోశాడు. పైచెక్కను చిత్రిక పట్టి, వేలితో తట్టి, చెవి ఆనించి విని, మళ్లీ పట్టాడు.

"అమ్మ ఇప్పుడు దాన్నేం చేసుకుంటుంది నాన్నా?" అంది కూతురు.

"ఏమీ చేసుకోకపోతే పోనీ. నాకు చేతనైంది ఇదొక్కటే కదమ్మా."

తీగలు బిగించి తీసుకెళ్లాడు. ఆమె గిటారును ఒళ్లోకి తీసుకుని, దాని మెడ మీద తీగలను వేళ్లతో నొక్కి చూసింది. ఆమె మొహం చిట్లించింది.

"తీగలు ఎత్తుగా ఉన్నాయండీ. వేళ్లు కోసుకుపోతాయి. ఎవరు చేశారిది?"

"తెలిసినాయనే."

"మా ఆయనకివ్వండి, సరిచేస్తారు. మొహం గంటు పెట్టుకుంటారు గానీ మనసు వెన్న."

మేస్త్రికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "ఆయనకింకేమైనా చెప్పమంటారా?"

ఆమె గొంతు తగ్గించింది. "తొందరగా వచ్చి తీసుకెళ్లమనండి. ఇక్కడ నాకెవరూ తెలీదు. భయమేస్తోందని మాత్రం చెప్పకండేం. పని పాడుచేసుకుంటారు."

"చెప్పనులెండి" అన్నాడు. బయట మెట్ల మీద కూలబడి, దారిన పోయేవాళ్లు చూస్తున్నా ఆపుకోలేక ఏడ్చాడు.

షెడ్డుకొచ్చి, తీగలు ఆనుకునే సన్నటి ఎముక ముక్కను అరగదీసి వాటి ఎత్తు తగ్గించాడు. మళ్లీ తీసుకెళ్లేసరికి ఆమెకు జ్వరం, ఒంటిమీద తెలివి లేదు. గిటారును గోడకు ఆనించి, ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఇదిగో, నేనే వచ్చాను. లే, ఇంటికెళ్దాం."

ఆమె కళ్లు తెరవలేదు. తెల్లారేలోపే పోయింది. కూతురొచ్చి భుజం పట్టి లేపేదాకా, మేస్త్రి ఆమెను ఇంటికి పిలుస్తూనే ఉన్నాడు.