పొగగొట్టం మీద గీత

మా సేఫ్టీ సార్ కాకినాడలో నిద్రలోనే పోయారు. కబురు జగిత్యాల మేస్త్రీ వాయిస్ మెసేజ్‌గా పంపాడు: "సారు పోయిండట. పండుకున్నోడు లేవలేదట. ఎవ్వరితోని కొట్లాడకుండ పోయిండంటే నమ్మబుద్ధి అయితలేదు." నాకూ కాలేదు. ఆయన స్థాయికి ఈ చావు తగదని సవినయంగా మనవి చేస్తున్నాను.

ఫుట్‌బాల్ ప్రపంచకప్పు ముంచుకొస్తుంటే ఖతార్‌లోని లుసైల్‌లో మేమొక హోటల్ కడుతున్న రోజులవి. నేను కొత్త ఇంజినీరుని. ఆయన చరిత్రలో ఎం.ఏ. చేసి, లెక్చరర్ పోస్టు దొరక్క సేఫ్టీలోకి వచ్చినవారు. పొద్దున డ్యూటీకి ముందు అందరినీ నిలబెట్టి జాగ్రత్తలు చెప్పాలి. ఆయన మాత్రం పందొమ్మిదో శతాబ్దపు బ్రిటిష్ ఎంపీ ఒకాయన కథ చెప్పేవారు. బొగ్గు వ్యాపారంలో దివాలా తీసి, మళ్ళీ లేచి, పార్లమెంటుకెళ్ళిన మనిషి.

ఆ రోజుల్లో మునిగినా ఇన్సూరెన్సు వస్తుందని పుచ్చిపోయిన ఓడల్లో గొంతుదాకా సరుకు నింపేవారట. ఎక్కనన్న నావికుణ్ణి జైల్లో తోసేవారు, ఎక్కినవాణ్ణి సముద్రం మింగేది. ఈ ముక్క చెబుతూ సార్ టిఫిన్ డబ్బా మూతలో గులకరాళ్ళు వేసి బకెట్లో ముంచి చూపేవారు. దీన్ని ఆపే బిల్లును ప్రభుత్వం పక్కన పడేసేసరికి ఆ ఎంపీ సభలోనే పిడికిలి ఊపి, తోటి సభ్యులను దుర్మార్గులని తిట్టాడు. బయటికి పంపారు. ఆ గొడవతోనే దేశం తల తిప్పి చూసింది. చట్టం వచ్చింది: ఓడ పక్క గోడ మీద గీత ఉండాలి, నీళ్ళు దాన్ని దాటకూడదు.

"గీత ఎక్కడన్నది మాత్రం ఓనరుకే వదిలేశారండి," అనేవారు సార్. "ఒకడు పొగగొట్టం మీద గీయించాడు."

అందరూ నవ్వేవారు. నిజామాబాద్ ఫోర్‌మన్ అయితే, "గా తెలివి మనకెందుకు రాలే," అనేవాడు. వచ్చింది.

సామాన్ల లిఫ్ట్ జాలీ మీద సార్ ఎర్ర గీత గీసి, సిమెంటు బ్లాకులు అంతకుమించి పేర్చొద్దన్నారు. పని వెనకబడేసరికి ఫోర్‌మన్ దాన్ని చెరిపి, మూరెడు పైన ఇంకోటి గీశాడు. సార్ చూసేసరికి నిండు లిఫ్ట్ పైకి పోతోంది. దాని కిందే మనవాళ్ళు లారీలోంచి బ్లాకులు దించుతున్నారు.

"ఆపించవయ్యా. ముందు వాళ్ళని అక్కణ్ణించి జరపు."

"కప్పు మీ కోసం ఆగుతదా సారూ? మీరు పక్కకు జరుగుండ్రి," అని ఫోర్‌మన్ లిఫ్ట్ నడిపేవాణ్ణి కేకేశాడు, "యల్లా, నడవనియ్యి."

సార్ హెల్మెట్ తీసి అతని ముక్కు మీద కొట్టారు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. ఫోర్‌మన్ పార అందుకుని సార్ భుజం మీద వేశాడు. సార్ కూలిపోయి, పడ్డచోటు నుంచే అతని పిక్క పట్టి కొరికారు. ఎం.ఏ. హిస్టరీ.

మనవాళ్ళ సంగతి మీకు చెప్పక్కర్లేదు. కొట్లాట ఉచితంగా దొరికితే ఏ పనైనా వదిలేస్తారు. లారీ దగ్గర ఒక్కడూ మిగల్లేదు. "ఇంకోటెయ్యి సారూ," అని ఎవరో అంటుండగా ఇనుప తాడు తెగింది. లిఫ్ట్ బ్లాకులతో సహా వచ్చి లారీ మీద పడింది. లారీ నడుం విరిగి రెండుగా వంగిపోయింది.

చెయ్యి చేసుకున్నందుకు కంపెనీ సార్‌ను ఇంటికి పంపేసింది. ఎయిర్‌పోర్టు దారిలో అడిగాను, కావాలనే కొట్టారా అని.

"కోపమే వచ్చిందయ్యా," అన్నారు. చేతి కట్టు సర్దుకుని, "అయినా ఊరికే పిలిస్తే ఎవరొస్తారు?"

నా కళ్ళలో నిలిచిపోయింది మాత్రం లిఫ్ట్ పడ్డాక లేచిన దుమ్ము. అందులో చొక్కా నిండా నెత్తురుతో, ఒక చెయ్యి వేలాడుతుండగా, రెండో చేత్తో సార్ ఒక్కొక్కరి తల తడిమి లెక్కపెట్టుకుంటూ వస్తున్నారు. చివర ఫోర్‌మన్. ఇంకో దెబ్బ పడుతుందనుకుని కళ్ళు మూసుకున్నాడు. ఆ చెయ్యి అతని తల మీద కూడా అలాగే ఆగింది.