మా అత్త పెరటి నేలవేము

పోయిన ఆదివారం మా మేనత్త కన్నుమూసింది. ప్రార్థనకు తయారై, కాసేపు మంచం మీద కూర్చుంటానందట. అంతే. టేకులపల్లి నుంచి మామ ఫోన్ చేసి చెబితే, ఏడుపు కన్నా ముందు నాకు నోట్లో చేదు గుర్తొచ్చింది. మా ఇంటిల్లిపాదికీ నేలవేము కషాయం తాగించింది ఆమే.

"జరమొస్తే దవాఖానకే పో బిడ్డా. తగ్గినంక నా కాడికి రా, నోటికి రుచి నేను తెస్త" అనేది. అడవంచున నాలుగు రెమ్మలు కోసుకొచ్చి కాచేది. అయితే అమ్ముకోవడానికి సంచులతో వచ్చినవాళ్లు గింజ పడకముందే మొక్కల్ని వేళ్లతో సహా లాగేయడంతో, చుట్టుపక్కల నేలవేము కనబడకుండా పోయింది. ఇక అసలే ఉండదేమోనని అత్తకు బెంగ పట్టుకుంది. ఎక్కడో మిగిలిన రెండు మొక్కల గింజలు ఏరుకొచ్చి, పెరట్లో పెంచుతానంది. అడవి మొక్క ఊళ్లో బతకదని అందరూ నవ్వారు.

మా మామ పత్తి రైతు. చేలో గడ్డిపోచ కనిపిస్తే ఆయనకు అన్నం సహించదు. మొదటిసారి మొలకలు లేవగానే, భార్యకు సాయం చేద్దామని మడంతా శుభ్రంగా చెక్కేశాడు. పైగా మెచ్చుకుంటుందని పిలిచి చూపించాడు.

"గడ్డి కాదయ్యా అది, నా పంట!" అని అత్త నెత్తి కొట్టుకుంది.

"మరి చెప్పొద్దా? అచ్చం గడ్డి తీరే ఉండె" అన్నాడాయన. ఆ పూట ఆయనకు పచ్చడి మెతుకులే.

మరుసటి వానలకు, దాచిన గింజలు మళ్లీ చల్లింది. ఈసారి మడి చుట్టూ పుల్లలు పాతి చీర పేలికలు కట్టింది. అవి పిట్టల కోసం కాదు, మొగుడి కోసమని అడిగినవాళ్లకల్లా చెప్పింది. చలికాలానికి పూసింది! గోరంత తెల్లపూలు, లోపల ఊదా చారలు. అత్త నడుం మీద చేతులేసుకుని వీధిలోకి కేకేసింది: "బతకదన్నోళ్లంత రాండ్రి, చూడుండ్రి!"

కాయలు ఎండేసరికి నవ్వినవాళ్లే విత్తనానికి దోసిళ్లు పట్టారు. "మొగ్గ తొడిగినప్పుడు పైపైన కోసుకోండ్రి. సగం మొక్కలు గింజకు ఉంచుండ్రి. వేరు పీకినోళ్లకు మల్ల ఇయ్య" అంది. ఇప్పుడు ఆ వీధిలో నేలవేము లేని పెరడు లేదు. ఈ మాట రాస్తుంటే నాకెంత గర్వంగా ఉందో!

సమాధి చేసిన మర్నాడు, నేనింకా మామ దగ్గరే ఉండగా, అడవి లోపలి గూడెం నుంచి ఒకామె వచ్చింది. అత్త పోయిన సంగతి ఆమెకు తెలియదు. మామ చెప్పగానే గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. తర్వాత మెల్లగా అడిగింది: "మా దిక్కు అడవిల ఒక్క మొక్క లేదు. జరంత ఇత్తనం ఇస్తరా?"

మామ లేచి ఎండిన కాయలు ఏరి ఆమె కొంగులో పోశాడు. "వేరు మాత్రం పీకకుండ్రి అమ్మా" అన్నాడు.

ఆమె కొంగు ముడి పిడికిట పట్టుకుని చెట్లలోకి నడిచింది. మేమిద్దరం చూస్తూ నిలబడ్డాం. మా అత్త మొక్క అడవికి పోతోంది.