గాలిలో ఆగిన పొడుగోడు

1960 మే 25, బుధవారం, సాయంత్రం ఏడు గంటల అయిదు నిమిషాలు. అమావాస్య, పైగా రోహిణి కార్తె మొదటి రోజు. సిరిసిల్లలో మా వాడకట్టు మొత్తం డేరా సినిమాలో ఇసుక మీద కూర్చుని, చెమటలు కారుతుండగా మంచు చూసింది. మంచు మీద ఆడే ఆటల పిచ్చి నాకు పట్టింది ఆ నిమిషానే. (సమయం అంత కచ్చితంగా ఎలా గుర్తుందని అడగకండి. ఏడు గంటల ఆటను అయిదు నిమిషాలు ఆలస్యంగా మొదలుపెట్టినందుకు మా అవ్వ, అంటే అమ్మ, గేటు మనిషిని కడిగేసింది.) ఈ కాలం పిల్లలకు ఆట చూడాలంటే మీట నొక్కితే చాలు. గెలిచిందెవరో తెలియకుండా బతకడమంటే ఏమిటో వాళ్లకు ఎంత చెప్పినా అర్థం కాదు. అప్పట్లో మాకు లోకంలోని ఆటలన్నీ అసలు సినిమాకు ముందు వేసే సర్కారు వార్తల రీలులోనే వచ్చేవి. అవి కూడా చలికాలంలో జరిగినవి ఎండాకాలానికి, ఊరూరా తిరిగి సగం అరిగిపోయి వచ్చేవి.

అప్పటికి నాకు పద్నాలుగేళ్లు. మాది నేతపని ఇల్లు. బాపు మగ్గం నేసేవాడు, నేను పొద్దంతా రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుట్టేదాన్ని. నాకు మాత్రం మగ్గం మీద కూర్చోవాలని ఒకటే కోరిక. ఎప్పుడడిగినా బాపు మగ్గం కింది గుంటలోని తొక్కుడు పలకలు చూపించి, "కాళ్లు అందయి బిడ్డా. జర పొడుగెదుగు, అప్పుడు చూద్దాం" అనేవాడు. రెండేళ్లలో నేను అంగుళం కూడా ఎదగలేదు. ఇక ముందు ఎదుగుతానన్న ఆశ నాకూ లేదు, బాపుకూ లేదు. అందుకే ఆ మాట ఆయనకు అంత సులువుగా వచ్చేది.

అమావాస్యనాడు మా వాళ్లు మగ్గం ముట్టరు కాబట్టి ఆ రోజు బాపు కూడా సినిమాకు వచ్చాడు. తెర మీద ఒక తెల్లటి కొండ, దాని మీద జారుడుబల్ల లాంటి ఎత్తైన కట్టడం కనిపించాయి. పాదాలకు పొడవాటి పలకలు కట్టుకున్న మనుషులు ఒక్కొక్కరే పైనుంచి జారి, చివరికొచ్చి గాలిలోకి ఎగిరి, ఎక్కడో దూరంగా మంచు మీద దిగుతున్నారు. ఎవరు ఎక్కువ దూరం దిగితే వాళ్లది గెలుపని రెండోవాడు దూకేసరికే మాకు అర్థమైంది. (పేర్లు కూడా చెబుతూనే ఉన్నారు గానీ, ఆ డబ్బాలో నుంచి వచ్చే గొంతుకు జలుబు చేసినట్టుండి ఒక్కటీ తెలియలేదు.) నల్ల టోపీ పెట్టుకున్న ఒక పొట్టివాడు అందరినీ దాటి పోయి దిగాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇక ఒక్కడే మిగిలాడు, తాటిచెట్టంత మనిషి. వాడు మెట్లెక్కుతుండగానే బాపు మోకాళ్ల మీద లేచి కూర్చున్నాడు.

"గా కాళ్లు చూడు. గీ పొడుగోడే గెలుస్తడు."

"బుడ్డోడే గెలుస్తడు బాపూ."

"గెలిస్తే నన్ను అడుగు."

"అడుగుత. బుడ్డోడు గెలిస్తే నన్ను మగ్గం మీద కూసోబెట్టాలె."

చుట్టుపక్కల వాళ్లంతా నవ్వారు. అవ్వ మాత్రం నవ్వలేదు. "అందరు విన్నరు. ఎనుకకు పోకు" అంది. బాపు తెర మీద నుంచి చూపు తిప్పకుండా, "సరే, కూసోబెడత తియ్" అన్నాడు. పొడుగోడు జారాడు, ఎగిరాడు, చేతులు ఒంటికి ఆనించుకుని ముందుకు వంగాడు. తెర ఒక్కసారిగా తెల్లబడింది. రీలు తెగింది. ఈలలు, తిట్లు, ఇసుక చల్లుకోవడం అన్నీ అయ్యాక అసలు సినిమా మొదలైంది. అందులో ఏ దేవుడు ఎవర్ని చంపాడో నాకు ఈనాటికీ తెలియదు.

మర్నాడు పొద్దున్నే, ఆ రీలు మళ్లీ వేయమని అడగడానికి నేను బాపును డేరాకు పంపించాను. (అవును, నేనే పంపించాను.) మిషను నడిపే ఆయనను అందరూ మిషన్ సాబ్ అనేవారు. ఆయన వడదెబ్బ తగిలి, తలకు తడిగుడ్డ చుట్టుకుని మంచంలో పడి ఉన్నాడట. "అరే భాయ్, లేస్తే తల తిరుగుతుంది. పిక్చర్ అంటే ఎట్లనో నడిపిస్త. గా తెగిన రీలు ఇయాల బంద్" అన్నాడట. ఇక మా బాపుకు పౌరుషం వచ్చింది. "సాబ్, దినాం నూరు పోగులు అతుకుత. గిదొక్కటి అతకనా? నువ్వు పండుకొని చెప్పు, నేను చేస్త." ఆయన పడుకునే చెప్పాడు, ఈయన చేశాడు. ఇంటికొచ్చి, "చెయ్యి పెట్టి చూసినా అతుకు తెల్వది" అని అవ్వకు చెప్పుకున్నాడు.

ఆ సాయంత్రం వాడకట్టంతా మళ్లీ టికెట్లు కొన్నది. చూసిన సినిమాకే, ఆ ఒక్క రీలు కోసం. బుడ్డోడి వైపు కొందరు, పొడుగోడి వైపు కొందరు విడివిడిగా కూర్చున్నారు. పొడుగోడు జారాడు, ఎగిరాడు, ముందుకు వంగాడు. రెప్ప వేసేలోగా తెర మీద తెల్లటోపీ పెట్టుకున్న నాయకుడొకాయన ఏదో ప్రాజెక్టు దగ్గర కత్తెరతో రిబ్బను కోస్తున్నాడు. పలకలతో సహా ఆ పొడుగోడు సరిగ్గా నాయకుడి నెత్తి మీద దిగినట్టే కనిపించింది. "మంచుల ఎగిరి మన ప్రాజెక్టుల దిగిండు రా" అని వెనకనుంచి ఎవరో అన్నారు. డేరా అంతా పడిపడి నవ్వింది. నేను నవ్వలేదు.

"బాపూ, నడుమ ముక్క ఏది?"

"ఏ ముక్క?"

"దిగే ముక్క."

"అంచులు చినిగినయ్ బిడ్డా, గీతలు వడ్డయి. పాడైన కొసలు కోసేసి మంచిదాన్ని మంచిదానికి అతికిన. పోగు గట్లనే గదా అతుకుతం."

"పోగు లోపట కథ ఉంటదా బాపూ?"

ఆయన నిజంగానే కాసేపు ఆలోచించాడు. "ఉండది" అన్నాడు.

కావాలని కోశాడా అంటే, ఆ పాపం నేను కట్టుకోను. తెగిన కొస కనిపిస్తే కోయకుండా ఉండలేని చెయ్యి అది. మర్నాడు నేనూ అవ్వా డేరా వెనక ఇసుకంతా జల్లెడ పట్టాం. రెండు మూరలు కోశానని బాపు ఒప్పుకున్నాడు గానీ మాకు ఒక మూరే దొరికింది. మిగతాది ఊడ్చే మనిషి చాయ్ పొయ్యి అంటించడానికి వాడిందట. దొరికిన ముక్కను ఎండకు పెట్టి చూశాను. ఇరవైనాలుగు బొమ్మలున్నాయి. ఒక్కో బొమ్మలో పొడుగోడు కాస్త కాస్త కిందికి వస్తున్నాడు. ఆఖరి బొమ్మలో పలకలకూ మంచుకూ మధ్య సన్నటి సందు ఉంది. బాపు కూడా వచ్చి వంగి చూసి, "దూరమే వోయినట్టున్నడు" అన్నాడు.

"నువ్వు మాట్లాడకు" అంది అవ్వ.

తీర్పు మాత్రం ఆయనే చెప్పాడు. "పొడుగోడు గెలిచిండని నేనంటలే. ఓడిండని మీరు అనొద్దు. తేలినంక చూద్దాం." డేరా ఎత్తేసి లక్సెట్టిపేట పోయింది, రీలు కూడా దానితోనే పోయింది. తరవాత ఊరికి ఏ డేరా వచ్చినా నేను అందరికన్నా ముందు పోయి కూర్చునేదాన్ని. ఒకసారి మంచు మీద చేతులు పట్టుకుని తిరిగే జంట వచ్చింది. ఇంకోసారి బండి మీద పడుకుని జారేవాళ్లు వచ్చారు. వాళ్లనూ ఇష్టంగానే చూశాను గానీ, నా ఇద్దరూ మళ్లీ రాలేదు. నేను కండెలు చుడుతూనే ఉన్నాను. కొన్నాళ్లకు బాపు మగ్గం అమ్మేసి మరమగ్గాల షెడ్డులో పనికి చేరాడు. మరమగ్గానికి పొడుగూ పొట్టీ పట్టింపు లేదు. కాకపోతే ఆ షెడ్డులోకి ఆడపిల్లను రానివ్వరు.

ఇప్పుడు టీవీలో ఆ పోటీలు వచ్చినప్పుడల్లా ఇంట్లో ఎవ్వర్నీ చానెల్ మార్చనివ్వను. ఎగిరిన ప్రతివాడూ దిగేదాకా నాకు ఊపిరి ఆడదు. మొన్న మా మనవరాలు జాలిపడి, "పేరు చెప్పు అమ్మమ్మా, ఎవరు గెలిచిన్రో ఫోన్ల చూస్త" అంది. "బుడ్డోడు" అన్నాను. అది పొట్ట పట్టుకుని నవ్వింది. పళ్లూడిన ఈ ముసలిది ఇంకా ఒకవైపే కూర్చుని ఉందని నాకూ నవ్వొచ్చింది.

పోయినవాటి లెక్క: రెండో సాయంత్రానికి మూడు టికెట్లు. ఫిల్ము రెండు మూరలు (దొరికిన మూరను కూడా చెదలు తిన్నాయి). బాపు మగ్గం ఒకటి. దాని మీద నేను నేయాల్సిన బట్ట. అది ఎన్ని గజాలయ్యేదో లెక్క తేలలేదు.