సందులో పరిచిన పసుపు పూలు

కుట్టుమిషను ముందే రోజంతా గడిపే ఆమెను అందరూ మిషను పిన్ని అనేవారు. ఆమె గది పక్కనున్న సందులో ఎండ పడదు. పై వాటా ఏసీ నీళ్లన్నీ అక్కడే కారి, నేల ఏడాది పొడుగునా చిత్తడిగా ఉండేది. పైనుండే ఇంటావిడ ఒకనాడు అక్కడ జారి, లేచి, చీర దులుపుకుని, సిమెంటు చేయిస్తానని ప్రకటించింది.

మట్టిలో ఇంకే నీళ్లు సిమెంటు మీద ఎటు పోతాయి? సందు కన్నా బెత్తెడు పల్లంగా ఉన్న కుట్టుగదిలోకే. కుట్టడానికి ఇచ్చిన బట్టలు తడిస్తే మళ్లీ ఎవరు గుమ్మం తొక్కుతారు?

"బురద కనబడకుండా చేస్తే సిమెంటు మానేస్తారా అక్కయ్యగారూ?"

"వానల్లోపు చెయ్యి, చూద్దాం. మంత్రమేస్తావా ఏం?"

పిన్ని మంత్రం వేయలేదు. కాలవ గట్టున చెట్ల నీడలో పాకే అడవి మొక్కను తెచ్చింది. చిన్న పసుపు పువ్వు. దాన్ని ఎవరూ నాటరు. దాని కణుపు తడిమట్టిని తాకితే చాలు, వేరు దిగుతుంది. తీగ పైకి లేవకుండా, అంచు మడిచి గుండుసూదులు గుచ్చినట్టు, కణుపు కణుపునూ తన హెయిర్‌పిన్నులతో నేలకు అదిమింది. జుట్టును రబ్బరుబ్యాండుకు అప్పగించేసింది.

మొగుడు బస్సు డ్రైవరు. అడక్కుండానే సాయం చేసే మనిషి; ఆయనతో వచ్చిన చిక్కల్లా అదే. నెల తిరిగాక ఒక సెలవురోజున సందులో పిన్నులు మెరవడం చూసి, కిందపడ్డ సూదులు ఏరే అయస్కాంతం పట్టుకుని బయల్దేరాడు. రానివాటిని పట్టకారుతో పీకాడు.

"ఏమే, పిన్నులన్నీ బురదపాలు చేశావు! ఒక్కటీ వదల్లేదు, చూడు," అంటూ డబ్బా గలగలలాడించాడు.

"మీ సాయం మండిపోనూ! అవి పడ్డవి కాదు, పెట్టినవి!"

"పెట్టావా? నేలకు జడ వేశావా?"

అంతలో ఇంటావిడ మేస్త్రీని వెంటబెట్టుకుని దిగింది. పైన మబ్బు కమ్ముతోంది. పిన్నులు లేవు, ఇక తీగలన్నీ చాపలా చుట్టుకొస్తాయనుకుంది పిన్ని. ఇంటావిడ వంగి ఒక తీగ లాగింది. రాలేదు. రెండు చేతులా లాగింది. తీగ తెగింది కానీ వేరు కదల్లేదు. మేస్త్రీ కాలుతో రాసి చూశాడు, జారలేదు.

"ఇదంతా పీకాలంటే వేరే మనిషిని పెట్టాలమ్మా."

"పీకమని నేనెప్పుడన్నాను?" అని ఇంటావిడ, తెగిన తీగను కొంగులో వేసుకుని మెట్లెక్కింది.

సాయంత్రం వాన దంచింది. పిన్ని గదిలో నేల తడిమి చూసింది. పొడిగానే ఉంది. మొగుణ్ణి మాత్రం సందు వైపు వెళ్లనివ్వలేదు.