ఎక్కిందన్నా

మధ్యాహ్నం రెండూ పదికి కాన్వాయ్ మమ్మల్ని దింపింది. లద్దాఖ్‌లో ఒక నది మలుపు. పన్నెండు వేల అడుగుల ఎత్తు. ఫిబ్రవరి నెల. ఎండ ఉంది, వేడి లేదు. కనుచూపు మేరలో చెట్టు లేదు. నాలుగు రేకుల షెడ్లు, వాటి వెనక ఇసుక బస్తాలు పేర్చిన బంకర్లు, ఒక రేడియో స్తంభం. ఒక్కొక్కరికి రెండు పొరల కోటు, మంచు బూట్లు, మూడు జతల మేజోళ్ళు ఇచ్చారు. మొదటి ఆరు రోజులు పని లేదు. ఒళ్ళు ఎత్తుకు అలవాటు పడాలి. తలనొప్పి వస్తే దాచొద్దని నర్సింగ్ అసిస్టెంట్ రోజుకు రెండుసార్లు వచ్చి చెప్పేవాడు.

నేను హవల్దార్‌ని. బండ్లు బాగుచేసే షెడ్డు నా చేతి కింద ఉండేది. తిరువూరులో ఇప్పుడు నన్ను మిలిటరీ సార్ అంటారు. ఆ గౌరవం ఇచ్చేవాళ్ళకి ఈ సంగతి తెలియాలి.

షెడ్డులో పెయింటర్‌ది మా తిరువూరు దగ్గరి పెనుగొలను. అంత దూరంలో మన మాట వినపడేసరికి మొదటి రోజే దగ్గరయ్యాడు.

"తిరువూరోళ్ళు ఈ చలికి ఆగలేరన్నా. ఎండలో పుట్టి ఎండలో పెరిగిన బ్యాచ్ మీది."

"నువ్వేమన్నా మంచులో పుట్టావా?"

"మామిడితోట నీడలో పుట్టానండి హవల్దార్ గారూ. మీకంటే కొంచెం నయం."

చర్చికి వెళ్ళే కుటుంబం. తాగడు. రమ్ము ఇచ్చే రోజున తన వంతు డ్రైవర్‌కి ఇచ్చేసేవాడు. డ్రైవర్ హర్యానా మనిషి. ఇతన్ని 'పాదరీ' అని పిలిచేవాడు.

ఏడో రోజు ఆర్డర్ వచ్చింది. పైన మంచుతో మూసుకున్న కనుమ దారి తెరుచుకునేలోపు పద్నాలుగు బండ్లు తయారు కావాలి. పన్నెండు రోజుల గడువు. పాత రంగు గీకాలి, గ్రీజు కడగాలి, కొత్త రంగు వేయాలి, నంబర్లు రాయాలి. అన్నిటికీ థిన్నరే. తలుపులు తెరిస్తే గాలికి దుమ్ము వచ్చి తడి రంగుకి అంటుకుంటోంది. మూసేయమన్నాను. తలుపుల సందుల్లో గోనె సంచులు కుక్కించాను. లోపల చలికాచుకునే బుఖారీ పొయ్యి మాత్రం పెట్టనివ్వలేదు, థిన్నర్ అంటుకుంటుందని. నిప్పు గురించి అంత ఆలోచించినవాడిని ఊపిరి గురించి ఆలోచించలేదు.

పని మొదలైన మూడో రోజు పదకొండు గంటలకి పెయింటర్ తల పట్టుకున్నాడు. "ఎత్తు," అన్నాను. అక్కడ ఎవరికి ఏం వచ్చినా మేం పెట్టే పేరు అదొక్కటే. సాయంత్రం బయట తిరిగాక తగ్గింది, అన్నం తిన్నాడు. ఆదివారం షెడ్డు మూసి ఉంది. బంకర్‌లో క్యారమ్స్ ఆడి డ్రైవర్‌ని మూడుసార్లు ఓడించాడు. సోమవారం పన్నెండు కాకముందే వాంతి. ఇవన్నీ చూశాను. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడలేదు.

పనిలో ఏడో రోజుకి కళ్ళు ఎర్రబడ్డాయి. రంగు వదలడానికి చేతులు కూడా థిన్నర్‌తోనే కడిగేవాడు. వేళ్ళ మీద చర్మం తెల్లగా పాలిపోయి చిట్లింది. కాగితం మీద నంబరు చదివి, బండి దగ్గరికి నడిచేలోపు మర్చిపోయేవాడు. "ఎంతన్నా?" అని అడిగి, చెప్పాక మళ్ళీ "ఎంతన్నా?" అనేవాడు. విసుక్కున్నాను.

ఎనిమిదో రోజు, సాయంత్రం నాలుగింటి హాజరు. అందరికంటే ఆఖరున వచ్చాడు. కాళ్ళు ఎడంగా వేస్తున్నాడు. నవ్వుతున్నాడు, దేనికో తెలియదు. నాలుక మందంగా తిరుగుతోంది.

"ఏంట్రా ఇది?" అన్నాను.

తల మీద వేలితో కొట్టుకుని చూపించాడు. "ఎక్కిందన్నా."

మన భాషలో మందూ ఎక్కుతుంది, ఘాటూ ఎక్కుతుంది. అతను చెప్పింది ఘాటు. నేను విన్నది మందు. ఆ వరసలో తెలుగు వచ్చినవాళ్ళం మేమిద్దరమే.

"ఏమంటున్నాడు ఉస్తాద్?" డ్రైవర్ హిందీలో అడిగాడు.

"తాగానంటున్నాడు," అని అందరికీ వినపడేలా హిందీలో చెప్పాను.

వరసంతా నవ్వింది. "పాదరీ మనలో కలిశాడు!" అన్నాడు డ్రైవర్. పెయింటర్ కూడా నవ్వాడు. ఒక్క అడుగు ముందుకేసి నోటి వాసన చూసి ఉంటే సరిపోయేది. వేయలేదు. డ్యూటీలో తాగాడని రాశాను. నాలుగు రోజులు శిక్ష వేశాను. షెడ్డులో ఒక్కడే పని, రోజుకి రెండు గంటలు అదనం, టీకి కూడా బయటికి రాకూడదు. ఏ గాలి అతన్ని పాడుచేస్తోందో ఆ గాలిలోనే పెట్టి తలుపు మూయించాను.

శిక్షలో మూడో రోజు పదకొండూ నలభైకి డ్రైవర్ టీ తీసుకెళ్ళి కేక పెట్టాడు. పెయింటర్ బండి చక్రం పక్కన బోర్లా పడి ఉన్నాడు. డబ్బా ఒరిగి కోటు తడిసింది. ఇద్దరం బయటికి లాగాం. నర్సింగ్ అసిస్టెంట్ పరుగున వచ్చి ముందు ఆ కోటు, చొక్కా విప్పించాడు. దుప్పటి చుట్టి ఆక్సిజన్ పెట్టాడు. అతను కేరళ మనిషి. మా మాటలన్నీ హిందీలోనే.

"ఆదివారం ఎలా ఉన్నాడు?"

"బాగానే ఉన్నాడు."

"సాయంత్రం బయట తిరిగితే?"

"తగ్గేది."

"ఎత్తుకి ఆదివారం సెలవుండదు ఉస్తాద్." పెయింటర్ నోటి దగ్గర వాసన చూశాడు. "రమ్ము లేదు. థిన్నరే."

రేడియోలో కింద హాస్పిటల్ అడిగింది: "కేజువాల్టీ ఒకటి. కారణం చెప్పండి. ఓవర్."

"ఎత్తు," అన్నాను.

నర్సింగ్ అసిస్టెంట్ నా మణికట్టు పట్టుకున్నాడు. "వాళ్ళు తప్పు వైద్యం చేస్తారు. నిజం చెప్పు."

మీట మళ్ళీ నొక్కాను. "కరెక్షన్. థిన్నర్ ఆవిరి. మూసిన షెడ్డు. పదకొండు రోజులు. ఓవర్."

ఒంటిగంటా ఇరవైకి హెలికాప్టర్ తీసుకెళ్ళింది. బతికాడు. యూనిట్‌కి మళ్ళీ రాలేదు. జబ్బుకి కారణం దిద్దాను. తాగాడన్న రాత మాత్రం దిద్దలేదు. దిద్దితే శిక్ష వేసింది ఎందుకని నన్నడుగుతారు. ఎవరూ అడగలేదు, నేనూ కదపలేదు.

పెన్షన్ తీసుకుని తిరువూరు వచ్చేశాను. ఒక రంగుల దుకాణంలో కౌంటర్ దగ్గర కూర్చుంటున్నాను. థిన్నర్, టర్పెంటైన్, బాత్రూమ్ యాసిడ్, చెక్క పాలిష్ అన్నీ నా చేతుల మీదుగానే పోతాయి. "డబ్బా ఇచ్చేముందు క్లాసు పీకుతారేంటి సార్, గిరాకీ విస్సన్నపేట పోతుంది," అంటారు షావుకారు. నేను మానను. కిటికీలు తీసి పని చేయమంటాను. యాసిడ్‌నీ బ్లీచింగ్‌నీ కలపొద్దంటాను. ఆ ఆవిరికి దగ్గు పట్టుకుని, గుండె బిగిసి హాస్పిటల్‌కి పరుగెత్తినవాళ్ళున్నారు. తలనొప్పి, తిప్పడం, వికారం, కారణం లేని నవ్వు, మాట తడబడటం, వేళ్ళకి తిమ్మిరి అని ఎవరైనా చెబితే ఒక్కటే అడుగుతాను: ఎక్కడుంటే వస్తోంది, ఎక్కడికెళ్తే తగ్గుతోంది? పనిచోట వచ్చి బయట తగ్గుతుంటే డాక్టర్‌కి ఏ డబ్బా వాడారో చెప్పమంటాను, వీలైతే దాని మీది కాగితం చూపించమంటాను. మనిషి తూలుతుంటే తాగాడని అనేముందు దగ్గరికెళ్ళి చూడమంటాను.

పెనుగొలను మాత్రం చాలాకాలం వెళ్ళలేదు. పోయిన వేసవిలో వెళ్ళాను.

పెయింటర్ వరండాలో కూర్చుని ఉన్నాడు. లేచి వచ్చి కావలించుకున్నాడు. బోర్డులు రాయడం మానేశాడట, కుంచె నిలవదట. అతని భార్య టీ ఇచ్చి లోపలికి వెళ్ళింది. గ్లాసు రెండు చేతుల మధ్యా పట్టుకున్నాడు.

"అన్నా, ఒకటడగనా? ఆ రోజు నేనెంత తాగాను?"

నా గ్లాసు కింద పెట్టాను.

"ఆ రోజులు సరిగ్గా గుర్తు లేవు. తాగానని అందరూ అన్నారు, కాగితం మీద కూడా ఉంది. ఇంటికొచ్చాక చర్చిలో నిలబడి ఒప్పుకున్నాను. ఈవిడ ఏడాది పాటు సరిగ్గా మాట్లాడలేదు. ఎవరు పోశారో ఎంత తలబాదుకున్నా గుర్తు రావట్లేదన్నా."

"నువ్వు తాగలేదు," అన్నాను. "ఎక్కిందన్నావు. నువ్వన్నది థిన్నర్. తాగావని చెప్పింది నేను. నువ్వు పడిపోయిన రోజే నాకు తెలిసింది. తెలిసి కూడా దిద్దలేదు."

తిడతాడని చూశాను. కొట్టినా కూర్చునేవాడిని. అతను లోపలికి తిరిగి గట్టిగా కేకేశాడు.

"ఏమే, ఇట్రా! నేను తాగలేదంట! అన్న చెప్తున్నాడు చూడు, తాగలేదంట!"

గ్లాసు ఒరిగింది. పొగలు కక్కే టీ అతని వేళ్ళ మీదుగా మణికట్టు దాకా కారింది. చర్మం ఎర్రబడుతోంది. అతనికి తెలియలేదు. గుమ్మం వైపు చూస్తూ నవ్వుతున్నాడు.